వరదను చెప్పినట్టు దాడిని చెప్పగలమా?

శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తితే దిగువన ఖానాపూర్ దగ్గరి సదర్‌మాట్ ఆనకట్టకు వరద వస్తుందని ముందే చెప్పొచ్చు. వదిలింది ఎన్ని క్యూసెక్కులో తెలుసు, గోదావరి పారే దారీ తెలుసు. ఖానాపూర్‌కు కరెంటు పంపే వ్యవస్థ మీద పరాయి దేశం సైబర్ దాడి ఎప్పుడు చేస్తుందో అలా చెప్పలేం. వరదకు మన హెచ్చరిక వినబడదు. దాడి చేసేవాడు మాత్రం అది విని దారి మార్చుకుంటాడు.

అయినా 2021 మార్చి మొదట్లో తెలంగాణకు అలాంటి కబురొకటి అందింది. చైనా హ్యాకర్ల ముఠాకు చెందిన సర్వర్లు మన లోడ్ డిస్పాచ్ సెంటర్ కంప్యూటర్లను అందుకోజూస్తున్నాయని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరించింది. రాష్ట్రంలో క్షణక్షణం ఎంత కరెంటు వస్తోంది, ఎంత ఖర్చవుతోంది అని తూకం తప్పకుండా చూసేది ఆ కేంద్రమే. అధికారులు అనుమానమున్న ఐపీ అడ్రసులను ఆపేశారు, పాస్‌వర్డులు మార్చారు. సరిహద్దులో చైనా సైన్యంతో గల్వాన్ ఘర్షణ జరిగి అప్పటికి ఏడాది కూడా కాలేదు. చైనా మాత్రం ఈ ఆరోపణలను కొట్టిపారేసింది.

కరెంటు పోలేదు. మరి హెచ్చరిక తప్పయిందా, హెచ్చరించినందుకే ముప్పు తప్పిందా? వరద అంచనా నిజమో కాదో మర్నాడు గేజీ చూస్తే తేలిపోతుంది. దీనికి అలాంటి గేజీ లేదు. పైగా కరెంటు వ్యవస్థల మీద పెద్ద సైబర్ దాడులు ప్రపంచంలో జరిగినవే కొన్ని. వాటితో సగటు లెక్కలు కట్టలేం.

దాడి తేదీ దొరకకపోయినా దాని సన్నాహం మాత్రం దొరుకుతుంది. ఉక్రెయిన్‌లో 2015 డిసెంబరు 23న విద్యుత్ సంస్థల ఆపరేటర్ల కళ్లెదుటే తెర మీద మౌస్ బాణం తనంతట తాను కదిలింది, బ్రేకర్లు ఒక్కొక్కటే పడిపోయాయి. సుమారు 2.25 లక్షల కనెక్షన్లకు చీకటి. దొంగలు ఈమెయిల్ అటాచ్‌మెంట్లతో లోపలికి దూరింది మాత్రం నెలల ముందే! వెతికి ఉంటే అప్పుడే దొరికేవారు. సిబ్బంది సబ్‌స్టేషన్లకు పరుగెత్తి, చేత్తో బ్రేకర్లు వేసి, కొన్ని గంటల్లోనే కరెంటు తెచ్చారు.

అందుకే నేను నిపుణులను తేదీ అడగను. ఇప్పుడు లోపల ఎవరున్నారు, కంప్యూటర్ మొరాయిస్తే చేత్తో నడపగలవాళ్లు ఎందరున్నారు అని అడుగుతాను. 2022 జూలై వరదలో, మన పక్కనే ఉన్న కడెం ప్రాజెక్టు 18 గేట్లలో ఒకటి లేవలేదు. దానికీ సైబర్ దాడికీ సంబంధం లేదు. కానీ శత్రువు రోజు ఎంచుకోవాలనుకుంటే, అన్ని గేట్లూ లేవాల్సిన అలాంటి రాత్రినే ఎంచుకుంటాడు.