యాసిర్: ఒక మాట మోసిన సంకెళ్లు

పోలండ్ చరిత్ర గ్రంథాలలో 'యాసిర్' అనే మాట తరచుగా కనిపిస్తుంది. మన పిల్లలకు పెట్టుకునే యాసిర్ అనే పేరుకూ, దీనికీ సంబంధం లేదు. ఆ పేరు 'యుస్ర్' అనే మాటకు చుట్టం. సౌలభ్యం దాని భావం. పోలిష్ యాసిర్‌కు మాత్రం చెర అనీ, చెరపట్టబడిన జనసమూహం అనీ అర్థాలు.

ఈ మాటకు పుట్టినిల్లు అరబీ. 'అసీర్' అంటే ఖైదీ. అది తుర్కీలో 'ఎసిర్'గా, వాడుకలో 'యెసిర్'గా మారి, క్రిమియా తాతారుల ద్వారా పోలండ్ చేరింది. 15వ శతాబ్ది చివరి నుండి 17వ శతాబ్ది వరకు తాతారు ఆశ్వికులు ఆ రాజ్యపు ఆగ్నేయ గ్రామాలపై దాడిచేసి స్త్రీలను, పురుషులను, పసివారిని పట్టుకుపోయేవారు. కఫా రేవులో వారిని అమ్మేవారు. వోయ్‌చెఖ్ బొబొవ్‌స్కీ అలా చెరపట్టబడినవాడే. తరువాత ఇస్లాం స్వీకరించి, అలీ ఉఫ్కీ పేరుతో ఉస్మానీ ఆస్థానంలో సంగీతజ్ఞుడుగా, దుబాసీగా కీర్తి గడించాడు. కాని అలా పేరు మిగిలినవారు బహు కొద్దిమంది. తక్కినవారి జ్ఞాపకంగా పోలిష్ భాషలో ఈ ఒక్క మాట నిలిచింది.

దాడిచేసినవారు ముస్లింలు. ఈ నిజాన్ని మనం దాచనవసరం లేదు. ధర్మం ఏమి కోరిందో దానితో సరిపోల్చుకోవాలి. దివ్యఖుర్ఆన్ అద్దహ్ర్ సూరా 8వ ఆయత్‌లో, సజ్జనులు అన్నం పెట్టేవారిలో నిరుపేదతో, అనాథతో పాటు 'అసీర్'ను కూడా పేర్కొన్నది. బద్ర్ ఖైదీల పట్ల మంచిగా మెలగాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. వారిలో చదువు వచ్చినవారు పిల్లలకు అక్షరాలు నేర్పి విడుదల పొందారని చరిత్రకారులు వ్రాశారు.

అసీర్‌కు మూలమైన ధాతువుకు కట్టడం, బిగించడం అని అర్థం. అద్దహ్ర్ సూరాలోనే 28వ ఆయత్‌లో మానవుని శరీర నిర్మాణపు దృఢత్వానికి 'అస్ర్' అనే మాట వచ్చింది. కుటుంబాన్ని అరబీలో 'ఉస్రా' అంటారు. అదీ ఈ ధాతువు సంతానమే. మన తెలుగులోనూ బంధనం, బంధువు ఒకే ధాతువు నుండి పుట్టలేదా!

కట్టు ఒక్కటే. అది మనిషిని సంకెలలో పెట్టగలదు, ఇంటిని నిలబెట్టగలదు. మన ఇంట పనిచేసేవారు, మన మీద ఆధారపడినవారు మన చేతిలో ఏ కట్టును అనుభవిస్తున్నారో ప్రతి కుటుంబమూ తన్ను తాను ప్రశ్నించుకోవాలి.