ఊపిరాడని కణితి ఏల పెరుగును?

భూపాలపల్లి భూగర్భ గనులలో బొగ్గు త్రవ్వు కార్మికులకు పైనుండి గాలిని ఆడించుచుందురు. బయటి గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు. గనిలో పనిచేయు చోట అది 19 పాళ్లకు తగ్గరాదని నిబంధన. ప్రాణవాయువు తగ్గినచో ప్రాణము నిలువదని మన మెరుగుదుము. కాని మెదడులో పుట్టు గ్లయోబ్లాస్టోమా అను కణితికి ఆ కొరతయే బలమగుచున్నది. ఎట్లో చూతము.

మన బరువులో మెదడు నూటికి 2 పాళ్లే. అయినను శరీరము వాడు ప్రాణవాయువులో దాదాపు అయిదవ వంతు దానికే కావలెను. అట్టి చోట కణితి వడిగా పెరుగుటచే రక్తనాళములు దానికి చాలవు. నడిమి కణములకు ప్రాణవాయువు అందదు. కొన్ని చచ్చును, కొన్ని కరవునకు అలవాటుపడును.

కణములలో హిఫ్-1 అను మాంసకృత్తు తయారగుచుండును. ప్రాణవాయువు చాలినంత ఉన్నప్పుడు అందలి ముఖ్యభాగము కొద్ది నిమిషములలోనే నశించును. కరవులో అది నశింపక, కేంద్రకమున ప్రవేశించి, క్రొత్త రక్తనాళములను రప్పించు జన్యువు మొదలగువానిని మేల్కొలుపును. కణములు ప్రాణవాయువును పసిగట్టు విధమును తెలిపిన కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెన్జాలకు 2019లో నోబెల్ బహుమానము లభించినది.

హిఫ్-1 కొన్ని మైక్రో ఆర్.ఎన్.ఏ.లను గూడ పెంచును. మాంసకృత్తుల తయారీకి రాయబారి ఆర్.ఎన్.ఏ. ఆజ్ఞాపత్రము వంటిది. సుమారు 22 అక్షరముల పొడవు గల మైక్రో ఆర్.ఎన్.ఏ. దాని కంటుకొని, ఆజ్ఞ నెరవేరకుండ చేయును. 1993లో ఒక చిన్న పురుగునందు దీనిని బయటపెట్టిన ఆంబ్రోస్, రవ్‌కన్‌లకు 2024లో నోబెల్ బహుమానము వచ్చినది.

వీనిలో 210వ సంఖ్య గలది ప్రాణవాయువు తగ్గగనే పెరిగి, దానిని వ్యయపరచు శక్తియంత్రములను మందగింపజేయును. బియ్యము తగ్గిన ఇంట గంజి కాచుకొన్నట్లు కణము పొదుపుగా బ్రతుకును. గ్లయోబ్లాస్టోమా కణములలో కరవు వేళ మారు ఇట్టి మైక్రో ఆర్.ఎన్.ఏ.లను ఢిల్లీ ఐ.ఐ.టి. పరిశోధకులు 2014లో వివరించిరి.

చికిత్సకు చిక్కు ఇచ్చటనే. కిరణములు కణమును చంపుటకు ప్రాణవాయువు తోడ్పడును. అది లేనిచోట రెండు మూడు రెట్ల కిరణములు కావలెను. అందుచే ఈ కణములు మిగిలి మరల పెరుగవచ్చును. మైక్రో ఆర్.ఎన్.ఏ.లను అదుపుచేసి వీనిని లొంగదీయుటకు పరిశోధనలు సాగుచున్నవి.

జనగామ, మహబూబాబాదు పల్లెలలోనైనను, మరెచటనైనను, మూర్ఛ వచ్చినవానికి “గాలి సోకినది” అనువారు కలరు. మూర్ఛలన్నియు కణితివలన రావు. కాని క్రొత్తగా మూర్ఛ వచ్చినను, తెల్లవారుజామున తలనొప్పితో వాంతులగుచున్నను, మంత్రగానికడకు గాక ఆస్పత్రికి కొనిపోవలెనని ఉపాధ్యాయులు బోధింపవలెను. సోకినది గాలి కాదు. లోపల గాలి అందని కణితి ఉన్నదేమో వైద్యుడు చూడవలెను.