కొడుకులకు దక్కని కప్పు

సికింద్రాబాద్‌లో నాకో చిన్న గట్టింగ్ షాపు ఉంది. టెన్నిస్, షటిల్ రాకెట్లలో తెగిన గట్స్ తీసేసి కొత్తవి అల్లడం నా పని. ఇరవై ఎనిమిదేళ్ళయింది. టెన్నిస్‌లో ఎవరి హవా నడుస్తోందో పేపర్లకంటే ముందు నా కౌంటరుకే తెలుస్తుంది. "అంకుల్, ఫెదరర్‌ది వెయ్యండి" అనేవాళ్ళు పిల్లలు. తర్వాత "నడాల్‌ది" అన్నారు. జొకోవిచ్‌ది కావాలన్నవాళ్ళు తక్కువే. అందరికంటే ఎక్కువ కప్పులు గెలిచినా, పాపం, నా కౌంటరు దగ్గర మాత్రం ఆయనకు అన్యాయమే జరిగింది.

2023 జులై 16, ఆదివారం. సాయంత్రం ఆరున్నరకు షట్టరు సగం దించి టీవీ ముందు కూర్చున్నాను. వింబుల్డన్ ఫైనల్. ఒకవైపు 36 ఏళ్ళ జొకోవిచ్, అప్పటికే 23 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచినవాడు. ఎదురుగా 20 ఏళ్ళ స్పెయిన్ కుర్రాడు కార్లోస్ అల్కరాజ్. మొదటి సెట్టు 6-1తో జొకోవిచ్‌దే. నాతోపాటు చూస్తున్న పక్క టీకొట్టు అబ్బాయి "ఏముందన్నా, అయిపోయింది" అని లేచి వెళ్ళిపోయాడు. రెండో సెట్టు టైబ్రేక్‌లో కుర్రాడు నెగ్గాడు. మూడో సెట్టులో ఒకే ఒక్క గేము 26 నిమిషాలు సాగింది. ఒక రాకెట్టు మొత్తం అల్లి ముడులు వేయడానికి నాకు పట్టే టైం అది! ఐదో సెట్టులో సర్వీసు పోగొట్టుకున్న జొకోవిచ్ రాకెట్టును నెట్టు స్తంభానికేసి విరగ్గొట్టాడు. అందరూ ఆయన ముఖం చూసి ఉంటారు. నేను ముక్కలైన రాకెట్టునే చూశాను. 4 గంటల 42 నిమిషాల తర్వాత కప్పు అల్కరాజ్ చేతికి వచ్చింది. సెంటర్ కోర్టులో జొకోవిచ్ ఓడి అప్పటికి పదేళ్ళు.

ఆ రాత్రి నేను వెంటనే నమ్మలేదు. కారణముంది. "కొత్త తరం వచ్చేసింది" అన్న కబురు మాకు నాన్నా పులి కథలా తయారైంది మరి. దిమిత్రోవ్ వచ్చాడన్నారు, రావోనిచ్ అన్నారు, నిషికోరి అన్నారు. 2017లో మగవాళ్ళ టెన్నిస్ నడిపే ఏటీపీ వాళ్ళు మిలాన్‌లో 21 ఏళ్ళలోపు వాళ్ళకు 'నెక్స్ట్ జెన్' పేరుతో ఏకంగా ఒక టోర్నమెంటే పెట్టారు. జ్వెరెవ్, సిట్సిపాస్, మెద్వెదెవ్ పేర్లు ఊరూరా మోగాయి. పులి మాత్రం రాలేదు.

లెక్క చూడండి. 2003 వింబుల్డన్ నుంచి 2023 యూఎస్ ఓపెన్ దాకా 81 గ్రాండ్‌స్లామ్‌లు జరిగితే అందులో 66 ముగ్గురే పంచుకున్నారు. ఫెదరర్ 20, నడాల్ 22, జొకోవిచ్ 24. ఆ 2003 వింబుల్డన్ నాకు బాగా గుర్తు. ఫెదరర్ తొలి కప్పు అదే. కానీ మా ఊళ్ళో ఆ వారం మాటలన్నీ జూనియర్ డబుల్స్ టైటిల్ గెలిచిన మన సానియా గురించే. ఫెదరర్ కప్పెత్తిన నాటికి స్పెయిన్‌లోని ఎల్ పాల్మార్‌లో అల్కరాజ్ రెండు నెలల పసిగుడ్డు.

ఈ మధ్యలో పుట్టినవాళ్ళ సంగతి తలుచుకుంటేనే నాకు జాలి. 2025 చివరి దాకా చూస్తే, 1990ల్లో పుట్టిన మగవాళ్ళలో గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచింది ఇద్దరే, అదీ చెరొకటి. 2020 యూఎస్ ఓపెన్ థీమ్‌ది, 2021ది మెద్వెదెవ్‌ది. థీమ్ మణికట్టు గాయంతో కుదేలై 2024లో ఆటే మానేశాడు. జ్వెరెవ్ మూడు ఫైనల్స్ ఆడి మూడూ పోగొట్టుకున్నాడు. సిట్సిపాస్ రెండు ఆడితే రెండూ జొకోవిచ్ చేతిలోనే పోయాయి. పెద్దాయన గద్దె దిగడు, కొడుకులకేమో జుట్టు నెరుస్తుంది. మన ఇళ్ళల్లోనూ చూస్తుంటాం.

వాళ్ళలో సత్తా లేక కాదు. 2001 నుంచి గ్రాండ్‌స్లామ్‌లలో సీడింగులు, అంటే మొదట్లోనే ఒకరికొకరు తగలకుండా విడదీసి పెట్టే మేటి ఆటగాళ్ళు, 16 కాదు, 32 అయ్యారు. అంటే పెద్ద ఆటగాడికి మూడో రౌండు దాకా ఇంకో సీడెడ్ మనిషి తగలడు. పైగా ఐదు సెట్ల ఆట. కుర్రాడు రెండు సెట్లు రెచ్చిపోగలడు, మూడోది గెలవడానికి ఓపికతోపాటు అనుభవమూ కావాలి. ఇంకొకటి నా వృత్తి సంగతి. 1997లో కుర్టెన్ అనే బ్రెజిల్ కుర్రాడు పాలియస్టర్ గట్‌తో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక ఆట మారిపోయింది. బంతి తగలగానే ఈ దారం పక్కకు జారి, టక్కున వెనక్కి వస్తుంది. దాంతో బంతి విపరీతంగా తిరుగుతుంది. ఎంత బలంగా బాదినా గీత లోపలే పడుతుంది. వెనకే నిలబడి గంటలకొద్దీ బాదుకోవచ్చు. మెద్వెదెవ్, జ్వెరెవ్ సర్వీసు తీసుకునేది దాదాపు వెనక గోడకు ఆనుకునే. కానీ ఓపిక పందెంలో జొకోవిచ్‌ను ఎవరు గెలుస్తారు? ఆయన ఆటనే ఆయన మీద ఆడబోయారు వీళ్ళు. నాకు తోచిన కారణం ఇది.

అల్కరాజ్ ఆ గోడ దగ్గరి వాళ్ళకు మందు కనిపెట్టాడు. చెయ్యి పూర్తిగా వెనక్కి తీసి, బాదేస్తాడనుకున్న క్షణంలో బంతిని మెల్లగా నెట్టు అవతల పడేస్తాడు. అదే డ్రాప్ షాట్. అవతలివాడు పరుగెత్తుకొచ్చి అందుకున్నా, తర్వాతి బంతి నెత్తి మీదుగా పోతుంది. ఇటలీ కుర్రాడు యానిక్ సిన్నర్‌ది వేరే దారి. కొండప్రాంతంలో వంటవాడి కొడుకుగా పుట్టి, చిన్నప్పుడు మంచు మీద స్కీయింగ్‌లో గెలిచి, పదమూడేళ్ళప్పుడు పూర్తిగా టెన్నిస్‌కు వచ్చాడు. అతను మోసం చేయడు, ఊపిరే ఆడనివ్వడు. 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీస్‌లో జొకోవిచ్‌కు మ్యాచి మొత్తంలో ఒక్క బ్రేక్ పాయింటు, అంటే తన సర్వీసు గుంజుకునే అవకాశం, కూడా ఇవ్వలేదు. గ్రాండ్‌స్లామ్‌లో ఆయనకది మొదటిసారి. అక్కడినుంచి 2025 యూఎస్ ఓపెన్ దాకా ఎనిమిది కప్పులు, ఇద్దరూ చెరి నాలుగు. 2025 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ 5 గంటల 29 నిమిషాలు. సిన్నర్ మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్ల మీద ఉండి కూడా ఓడిపోయాడు. ఆ రాత్రి అన్నం చల్లారిపోయిందని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

పెద్దాయన జొకోవిచ్ ఇంకా లేచి వెళ్ళలేదు సుమా. 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్లో 37 ఏళ్ళ వయసులో అల్కరాజ్‌ను రెండు టైబ్రేక్‌లలో ఓడించి బంగారం పట్టుకుపోయాడు. 2025లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ సెమీస్ చేరాడు. చేరాడు, అక్కడ ఆగాడు. రెండుసార్లు సిన్నర్, ఒకసారి అల్కరాజ్ ఆపారు. ఇంకోసారి గాయమే ఆపింది. కాబట్టి కొత్త తరం సవాలు చేస్తోందా అని ఎవరైనా అడిగితే నాకు నవ్వొస్తుంది. సవాలు ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు గద్దె మీదున్నది వీళ్ళిద్దరే. వీళ్ళను అదిలించేవాళ్ళ కోసమే నేను చూస్తున్నాను. 2025 మార్చిలో మయామి ఫైనల్లో జొకోవిచ్‌ను ఓడించిన చెక్ కుర్రాడు మెన్షిక్‌కు అప్పుడు 19 ఏళ్ళు. బ్రెజిల్ ఫోన్సెకా 2006లో పుట్టాడు.

ఇక నా గట్స్ సంగతి. ఫెదరర్, జొకోవిచ్ ఇద్దరూ నిలువు వరసకు ఆవు పేగుతో చేసే అసలు గట్, అడ్డానికి పాలియస్టర్ వాడినవాళ్ళు. అసలు గట్ చేతికి మెత్తన, జేబుకు భారం. ఒక సెట్టు ధరకు పాలియస్టర్‌వి మూడు నాలుగొస్తాయి. అల్కరాజ్, సిన్నర్ రెండు వరసలకూ పాలియస్టరే. ఇప్పుడు పన్నెండేళ్ళ పిల్లలు కూడా అదే అడుగుతున్నారు. మోచెయ్యి నొప్పి వస్తుంది నాన్నా అంటే వినరు. అసలు గట్ సెట్టు ఒకటి కవరు విప్పకుండా నా బీరువాలో ఉంది. అడిగేవాళ్ళు రాక చాలాకాలమైంది. నిన్న సాయంత్రం ఒకమ్మాయి అది చూసి, "ఇదేంటి అంకుల్, ఎవరిది?" అంది.