ఏసీ ఆపిన గదిలో గిటారు

సంయుక్త అరబ్ అమీరాతులలో ఏ సంస్థ పంచనను చేరక, తమ పాటలను తామే కట్టుకొని, తామే ధ్వనిముద్రణ చేసికొని, తామే లోకమునకు విడిచిపెట్టుచున్న గిటారు వాదకులను గూర్చి ఆదివారపు సంచికకు ముఖచిత్ర కథనము కావలెనని కోరుచు, సంపాదకులు నాకు మూడు ప్రశ్నలు వ్రాసి పంపిరి: వీరు ఎవరిని విని నేర్చిరి, ఏ పరికరములు వాడుదురు, ఎట్లు ముద్రింతురు. గడువు గురువారము సాయంకాలము. మొదటి రెండు ప్రశ్నలకు ఉత్తరములు ఎక్కడనైనను దొరకును. ఏ దేశపు గిటారు వాదకుని పలుకరించినను తాను ఆరాధించు వారి పేర్లును, తన పాదముల చెంత పేర్చుకొన్న పెడళ్ల పేర్లును గుక్క త్రిప్పుకొనకుండ చెప్పగలడు. మూడవ ప్రశ్నకు మాత్రము ఈ ఎడారి నగరములలో వేరొక ఉత్తరము కలదు. అది గదిని గూర్చినది, ఆ గదిని చల్లబరచు యంత్రమును గూర్చినది. తక్కిన రెండు ప్రశ్నల ఉత్తరములును ఆ యంత్రపు మీట దగ్గరనే ముడిపడి యున్నవని తోచి, నేను దానినే పట్టుకొని పోయితిని.

నన్ను ఈ త్రోవను పెట్టినది ఒక చిన్న కాగితము. ఇంటిలో ముద్రించుకొనువారి బల్లలపై తరచుగా కనబడు మైకులలో ఆస్ట్రేలియా దేశపు రోడ్ సంస్థవారి ఎన్‌టీ1-ఏ యొకటి. దాని సాంకేతిక వివరముల పట్టికలో, బరువు, కొలతలు, విద్యుదవసరము మొదలగు వాని నడుమ, ఎవరును ఆగి చదువని వరుస యొకటి యున్నది: మైకునకు స్వతఃసిద్ధముగా గల రొద 5 డెసిబెళ్లు మాత్రమే. అనగా, లోకము సర్వము మూగవోయినను ఈ మైకు తనంతట తాను చేయు సవ్వడి యంతమాత్రమని అర్థము. మనుష్యుని చెవి వినజాలునో లేదో యనదగిన మేర అది. ఇంతటి నిర్మలమైన శ్రవణేంద్రియమును సామాన్య వేతనజీవి కొనగలుగుట మన కాలపు భాగ్యములలో ఒకటి. కాని ఆ కాగితమును చేతబట్టుకొని, షార్జాలోనో, దుబాయి కరామాపేటలోనో, ఏడవ అంతస్తు గదిలో నిలిచి, పైకప్పు జాలి గుండా వీచు చల్లగాలిని ఒక్కసారి ఆలకింపుడు. నిశ్శబ్దముగా నడచునని ప్రకటించుకొను గోడయంత్రములు సైతము మిక్కిలి తక్కువ వేగమున సుమారు 20 మొదలు 30 డెసిబెళ్ల సవ్వడి చేయును. పాతబడినవియు, గొట్టముల గుండ గాలిని పంపునవియు అంతకు మించును. గదిలో 35 డెసిబెళ్లు ఉన్నదనుకొందము. మైకు రొదకును గది రొదకును నడుమ భేదము 30 డెసిబెళ్లు. ఈ కొలమానమున ప్రతి పదింటికిని శక్తి పదిరెట్లగును గనుక, మైకు మోయు రొదకంటె గది మోపు రొద వేయిరెట్లన్నమాట.

ఒక రాత్రి మా గదిలోనే అటువంటి మైకును అమర్చి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, ఏమియు వాయింపకుండ ఊరక వింటిని. నేను సంవత్సరముల తరబడి నిద్రించుచు, నిశ్శబ్దమని భ్రమించిన ఆ గది, దూరమునుండి వినబడు సముద్రమువలె ఎడతెగక ఘోషించుచుండెను. యంత్రమును ఆపగా ఘోష తగ్గి, దాని వెనుక దాగియున్న మఱి రెండు ధ్వనులు బయటపడెను: వంటగదిలోని ఫ్రిజ్, క్రింది రహదారి. పరిపూర్ణ నిశ్శబ్దము లేనే లేదు. రొదలో అంతరువులు మాత్రమే కలవు. ఏ అంతరువు వద్ద ఆగవలెనో నిర్ణయించునది వాదకుడు వాయించు సంగీతము.

గిటారు తీగను మీటినపుడు పుట్టు నాదము తొలిక్షణముననే శిఖరమునందుకొని, అటుపై క్రమముగా క్షీణించును. వేగముగా తీగలన్నిటిని గీయుచు పోవువానికి ఒక మీటు చివర తదుపరి మీటు క్రింద మరుగుపడును. అతనికి ఆ క్షీణదశతో పనిలేదు. కాని నాదము క్షీణించుచున్నపుడే తీగను ప్రక్కకు లాగి, వదలి, మరల లాగి, ఒక్క మీటుతో నాలుగు స్వరములను పలికింపదలచినవానికి సంగీతమంతయు ఆ చివరనే యున్నది. ఈ భేదమునుండియే పరికరముల భేదము పుట్టుచున్నది. ధ్వనిముద్రణలో నాయిస్ గేట్ అనునది యొకటి కలదు. ధ్వని ఒక మట్టమునకు దిగువకు జారగానే అది తలుపు మూసివేయును, దానితో రొదయు నిలిచిపోవును. గది రొద 35 వద్ద ఉన్నపుడు తలుపును దానికి పైన మూయవలెను. అప్పుడు రొదతోపాటు గమకపు చివరి అంచును ఖండింపబడును. రొదను కంప్యూటరునకు నమూనాగా చూపి తీసివేయించు ఉపాయమును కలదు గాని, దానిని హద్దుమీరి వాడినచో నాదపు చివర నీటిలో మునిగినట్లు మసకబారును. కనుక ఎవని గురువులు గమకమును నేర్పినారో వాడు ఏసీ ఆపక తప్పదు. ఎవని గురువులు పిడుగుపాటువంటి లయను నేర్పినారో వాడు చల్లగా కూర్చుండి ముద్రించుకొనవచ్చును. సంపాదకుల మూడు ప్రశ్నలును నిజమునకు ఒక్కటే ప్రశ్నయని నేనిందువలననే అనుచున్నాను.

లయను నమ్మిన ఈ రెండవ తెగవారికి దుబాయి పెట్టినది పేరు. 2000 ప్రాంతమున అక్కడ పుట్టిన నర్వ్‌సెల్ అను డెత్‌మెటల్ బృందము, బార్నీ రిబీరో, రామీ ముస్తఫా అను ఇరువురు గిటారు వాదకుల బలముపై 2008లో ‘ప్రీచింగ్ వెనమ్’, 2011లో ‘సైకోజెనోసైడ్’, 2017లో ‘పాస్ట్, ప్రెజెంట్, టార్చర్’ అను సంపుటములను వెలువరించి, అరబ్బు దేశములలో అట్టి సంగీతము ఉండునా యని అడుగువారికి సమాధానమైనది. ఈ తరహా సంగీతమున ఒక్క క్షణము ఉరిమి మరుక్షణము పూర్తిగా ఆగుట ప్రాణము. ఆ ఆగుటలో రొద లేకుండుటకై నాయిస్ గేటును వారు కోరి వాడుదురు. పైగా ఎలక్ట్రిక్ గిటారును కేబులుతో తిన్నగా, కంప్యూటరునకు ధ్వనినందించు ఇంటర్‌ఫేస్‌కు కలిపి, ఆంప్లిఫయరును కంప్యూటరులోనే సృష్టించుకొనుట నేడు సర్వసామాన్యమైనది. ధ్వని గాలిలోనికి రానే రాదు గనుక ఏసీ ఎంత మ్రోగినను ముద్రణలో పడదు. కంప్యూటరు ఆ ధ్వనిని మలచుటకు కొంత ఆలస్యమగును గాని, సెకనుకు 48,000 నమూనాల వేగమున 128 నమూనాల మేర ఆలస్యమనగా మూడు మిల్లీసెకన్లకైనను తక్కువ. వ్రేలికిని చెవికిని ఎడబాటు తెలియదు.

కాని వీరి శత్రువు వేరొకటి కలదు, అది గోడలోని విద్యుత్తు. గిటారు తీగల కదలికను విద్యుత్తుగ మార్చు పికప్పులలో ఒకే చుట్ట గలవి గదిలోని విద్యుత్తీగెల రొదను గ్రహించి, గిటారు నాదముతో కలిపి వినిపించును. అమీరాతులలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తములతో ప్రవహించును. అది మంద్రస్థాయిలో పాశ్చాత్యులు జీ అను స్వరమునకు రవంత పైన పలుకును. మన విజయవాడలోను అదే 50 గనుక, అక్కడ విన్న రొద శ్రుతియే ఇక్కడను వినవచ్చును. 60 ఆవృత్తముల అమెరికాలో ఆ శ్రుతి హెచ్చు. గిబ్సన్ సంస్థలో పనిచేసిన సెత్ లవర్ 1955లో రెండు చుట్టలను విపరీతముగా అమర్చి, ఒకదాని రొదను రెండవదానిచే రద్దు చేయించు పికప్పునకు హక్కుపత్రము కోరెను. పడకగదిలో కంప్యూటరునకు, టీవీకి, దీపపు డిమ్మరునకు నడుమ ఇఱుకున కూర్చుండి వాయించువానికి ఆ రెండవ చుట్ట చేసిన మేలు ఏ పెడలును చేయలేదు.

గమకమును నమ్మిన మొదటి తెగవారిపై నాకు పక్షపాతము కలదు, దాచను. దుబాయిలో నివసించు జోర్డాను దేశీయుడైన కమాల్ ముసల్లమ్ గిటారును, అరబ్బుల తీగవాద్యమగు ఊద్‌ను రెంటిని వాయించును. బిల్లీ కోబమ్ అను ప్రసిద్ధ డ్రమ్ముల వాదకునితో కలిసి ‘హోమేజ్ టు సీమెన్’ అను సంపుటమున గల్ఫు నావికుల సంగీతమును జాజ్‌తో మేళవించెను. ఊద్‌కు మెట్లు లేవు. బయాతీ వంటి మఖాములలో, అనగా అరబ్బు రాగములలో, రెండవ స్వరము గిటారు మెట్ల నడుమ, ఎక్కడను వ్రేలు ఆనని చోట నుండును. తాళము లేక సాగు మనోధర్మ వాదనమగు తఖ్సీములో, పలుకునకు పలుకునకు నడిమి విరామము పలుకంత ముఖ్యము. అబూధాబీలో నసీర్ షమ్మా నిర్వహణమున 2008లో ఏర్పడిన బైత్ అల్ ఊద్ విద్యాలయములో ఈ వాద్యమును నేర్పుటయే కాక తయారుచేయు కార్యశాలయు కలదు. ఊద్ విని పెరిగిన చెవి గిటారును పట్టినపుడు దానిని మెట్ల నడుమకు లాగక మానదు, ఆ విరామమును గేటునకు అప్పగింపజాలదు.

తెలుగు చెవియు అట్టిదే. ద్రాక్షారామమున జన్మించిన ఈమని శంకరశాస్త్రి వీణపై ఒక్క మీటును ఎంత దూరము నడపెడివారో విన్నవారికి, వారి శిష్యుడు చిట్టిబాబును విన్నవారికి, నాదపు చివర యనగానేమో వేరుగ చెప్పనక్కరలేదు. మైనముపై నిలిపిన ఇరువదినాలుగు మెట్లమీద తీగను ప్రక్కకు లాగుటయే వీణ రహస్యము. గిటారు వాదకులు చేయునదియు అదే. ఎస్. రామనాథన్ వద్ద వీణ నేర్చిన గిటారు వాదకుడు జాన్ మెక్‌లాఫ్లిన్, శక్తి అను తన బృందపు దినములలో తన గిటారు మెట్ల నడుమ కొయ్యను లోతుగా చెక్కించుకొనెను. పాలకొల్లు బాలుడు ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌ను కర్ణాటక సంగీతమునకు లొంగదీయుటకు జంటతీగలను తీసివేసి, ఐదు ఒంటి తీగలు కట్టి, విద్యుత్తును ఆశ్రయించినాడు. మామూలు మాండొలిన్‌లో నాదము గమకము పూర్తికాకమునుపే ఆరిపోవును గనుక. పరికరమును ఎన్నుకొనునది శ్రవణసంస్కారమే యనుటకు ఇంతకంటె గొప్ప నిదర్శనము నా యెఱుకలో లేదు. అంగడి పట్టికలను చూచి పెడళ్లు కూర్చుకొను యువకులకు శ్రీనివాస్ చేసిన ఈ ఒక్క పని చాలుననుకొందును.

ఏసీ ఆపి ముద్రించుట యెట్లుండునో వివరింపవలెను. జూలై మాసమున దుబాయిలో పగటి వేడిమి 40 డిగ్రీలు దాటుట నిత్యకృత్యము. కాంక్రీటు గోడలు ఆ వేడిని రాత్రియు కక్కుచుండును. ముందుగా గదిని వీలైనంత చల్లబరతురు. తలుపు సందులలో తువ్వాళ్లు క్రుక్కుదురు, గోడకు రజాయి వ్రేలాడదీయుదురు, ఫ్రిజ్ ఆపుదురు. పిమ్మట మీట నొక్కుదురు. ఆ క్షణము నుండి గది వేడెక్కుచుండును; దానితోపాటు ఉక్కుతీగలు వ్యాకోచించి సడలును, శ్రుతి మెల్లగా దిగును. చెమటతో వ్రేళ్లు జారును. కనుక ఎక్కువమారులు వాయించి వానిలో మేలైనదానిని ఏరుకొను విలాసము వీరికి లేదు. పాటను ముందే చేతికి తెచ్చుకొని, మీట నొక్కిన పిదప తడబడక వాయింపవలెను. మసీదులనుండి అజాన్ వినవచ్చు వేళలను ముందే చూచుకొందురు. ఆ పిలుపు వినబడునపుడు వాద్యమును నిలుపుట ఇక్కడి మర్యాద, దానిని మైకునకు వినబడకుండ చేయుటయు సాధ్యము కాదు. గొట్టముల ద్వారా భవనమంతటికి చల్లదనము పంచు కట్టడములలో తన గది మీటను ఆపినను ఇరుగుపొరుగు గదుల గాలి సవ్వడి గొట్టముల వెంబడి వచ్చుచుండును. అందుచేత నాదపేటిక గల కొయ్య గిటార్లతో చేయు ముద్రణకు నవంబరు నుండి మార్చి వరకు గల చలికాలమే అదను.

చరిత్ర కొఱకు సంపాదకులు కొంత చోటు విడువుమనిరి, కావున క్లుప్తముగా: 1958లో అబూధాబీ సముద్రమున చమురు దొరకెను, 1966లో దుబాయి తీరమున, 1971 డిసెంబరు 2న సమాఖ్య ఏర్పడెను, హోటళ్లతోపాటు, వానిలో సాయంకాలములు వాయించు ఫిలిప్పీన్సు, గోవా బృందములతోపాటు గిటారు వచ్చెను, 2004 నుండి 2009 వరకు దుబాయిలో డెజర్ట్ రాక్ ఉత్సవము జరిగెను, 2007 మార్చి 9న అందు ఐరన్ మెయిడెన్ బృందము వాయించెను, 2011 అక్టోబరున అబూధాబీలో మెటాలికా బృందము వాయించెను, దుబాయి ఎక్స్‌పో సందర్భమున ఏ.ఆర్. రహమాన్ మార్గదర్శకత్వమున స్త్రీలు మాత్రమే గల ఫిర్దౌస్ వాద్యబృందము ఏర్పడెను. దుబాయిలోని అల్‌కూజ్ గిడ్డంగులు ఈలోగా కళాప్రదర్శనశాలలుగను, సాధనగదులుగను మారెను; ఆ గిడ్డంగుల మందపు గోడల నడుమ గదిని గంటల లెక్కన అద్దెకు తీసికొనుటయు వెల పెట్టి నిశ్శబ్దమును కొనుటయే.

కొనలేనివారి మాట చెప్పక ముగించుట న్యాయము కాదు. దుబాయి పేటలైన దేరాలోను, సత్వాలోను బెడ్‌స్పేస్ అను పేర గదికి నలుగురు, ఆర్గురు చొప్పున నివసించు మనవారు వేలమంది. కరీంనగరు, నిజామాబాదు, కడప, కోనసీమల నుండి వచ్చినవారు. వారిలో గిటారు నెరిగినవాడు ఏసీ ఆపుమని అడుగజాలడు. పనినుండి వచ్చి నిద్రించు నలుగురి ఊపిరికంటె తన గమకము గొప్పది కాదని వానికి తెలియును. అతనికి మిగిలినది కేబులును, హెడ్‌ఫోన్లును. పైమంచముపై కాళ్లు ముడుచుకొని, చప్పుడు చేయని ఎలక్ట్రిక్ గిటారును ఒడిలో పెట్టుకొని ముద్రించుకొన్న సంగీతము కరకుగా నున్నచో, దానిని అతని అభిరుచి యని మాత్రమే విమర్శకులు తలంపరాదు. నైలాను తీగల గిటారుపై మనసున్నవాడు కూడ ఆ మంచముపై దానిని ముద్రింపలేడు. ఈ దేశమున వెలువడు స్వతంత్ర సంగీతమును విని, ఇది ఎవరి ప్రభావమని అడుగుటకు ముందు, ఇది ఎట్టి గదిలో పుట్టినదని అడుగుట న్యాయము.

పెట్టెకథనము: కొయ్యయు తేమయు

కొయ్య గిటార్లకు గాలిలో 45 మొదలు 55 శాతము తేమ హితమని తయారీదారులు చెప్పుదురు. ఏసీ గది నుండి వేసవి రాత్రి తేమలోనికి పెట్టె తెరచినచో తీగలపై నీరు పేరి త్రుప్పు పట్టును. పెట్టెను మూసియే కొంతసేపు ఉంచి తెరువవలెను. ఎండలో నిలిపిన కారులో గిటారును విడిచినచో జిగురు మెత్తబడి బ్రిడ్జి లేచిపోవును. త్రుప్పు నాపు పూతపూసిన తీగలు ఇక్కడ విలాసము కావు.

పెట్టెకథనము: కొనుగోలుదారునకు

అమెరికానుండి తెచ్చిన ఆంప్లిఫయరు 120 వోల్టులకు ఏర్పడినదైనచో ఇక్కడి విద్యుత్తునకు తిన్నగా కలుపరాదు, ట్రాన్స్‌ఫార్మరు కావలెను. ఇక్కడి గోడలకు బ్రిటిషు పద్ధతి మూడు దీర్ఘచతురస్రపు పుల్లల ప్లగ్ సరిపోవును. దుబాయిలో బహిరంగముగా కచేరీ చేయుటకు ఆర్థిక, పర్యాటక శాఖ అనుమతి అవసరము. వేదిక యజమాని ఆ అనుమతి పొందెనో లేదో వాదకుడు ముందే అడిగి తెలిసికొనవలెను.