గంటలో టీబీ గుట్టు!

రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే తెమడ పరీక్ష చేయించుకోమంటారు వైద్యులు. తెమడను మైక్రోస్కోప్ కింద పెట్టి చూడటం 1882లో రాబర్ట్ కోచ్ టీబీ క్రిమిని కనిపెట్టిన నాటి పద్ధతే. చిక్కేమిటంటే... మిల్లీలీటరు తెమడలో వేల క్రిములుంటే తప్ప కంటపడవు. క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష నమ్మకమైనదే కానీ, ఫలితానికి వారాలు పడుతుంది. ఈలోగా రోగి దగ్గుతూనే ఉంటాడు. ఇంట్లోవాళ్లకీ అంటిస్తుంటాడు.

జన్యు పరీక్ష అక్కరకొచ్చేది ఇక్కడే. క్రిమి డీఎన్‌ఏ ముక్కను వేడిచేస్తూ, చల్లారుస్తూ రెట్టింపు చేసుకుంటూ పోతారు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు... ముప్ఫై విడతలయ్యేసరికి వంద కోట్ల పైమాటే! 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ పొడి నింపిన ఉత్తరాలు ఐదుగురి ప్రాణం తీశాక, అక్కడి తపాలా కేంద్రాల్లో గాలిని పరీక్షించడానికి సెఫీడ్ కంపెనీ తయారుచేసిన ఇలాంటి పరీక్షనే వాడారు. అదే కంపెనీ జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రంతో చేసే టీబీ పరీక్షను 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. కాకపోతే దానికి నిలకడైన కరెంటు, చల్లటి గది ఉండాలి. వేసవి మధ్యాహ్నం మన పల్లె ఆసుపత్రుల్లో ఆ రెండూ ఒకేసారి దొరకడం... సరే, వదిలేద్దాం!

అందుకే వచ్చింది ట్రూనాట్. బెంగళూరు బిగ్‌టెక్ రూపొందించింది, గోవాలోని మోల్‌బయో తయారుచేస్తోంది. బ్యాటరీతో నడుస్తుంది. శుద్ధిచేసిన నమూనా చుక్కను చిన్న చిప్ మీద వేస్తే, గంటకు అటూఇటుగా ఫలితం.

మరి నమ్మొచ్చా? భారత్, పెరూ, ఇథియోపియా, పపువా న్యూగినీల్లో మామూలు ఆరోగ్య కేంద్రాల్లోనే పెట్టి చూశారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం, కల్చర్‌లో టీబీ తేలిన ప్రతి వందమందిలో ట్రూనాట్ ప్లస్ 80 మందిని పట్టుకుంది. టీబీ లేనివాళ్లలో నూటికి 96 మందికి లేదనే చెప్పింది. పెద్ద ల్యాబుల్లో జీన్‌ఎక్స్‌పర్ట్‌తో దాదాపు సరితూగింది. మంచి మార్కులే!

అయితే ఆలోచించాల్సింది దొరకని ఆ 20 మంది గురించి. నెగటివ్ కాగితం పట్టుకుని, దగ్గుతూ ఇంటికెళ్లేది వాళ్లే. లోతుగా దగ్గి తీసిన తెమడకు బదులు ఉత్త ఉమ్మి ఇచ్చినా ఇలాగే తప్పిపోవచ్చు. కాబట్టి నెగటివ్ వచ్చినా దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఆగకపోతే మళ్లీ వైద్యుణ్ని కలవాల్సిందే. ఇంకో సంగతి... ఈ పరీక్షకు బతికున్న క్రిమికీ చచ్చిన క్రిమికీ తేడా తెలీదు. గతంలో టీబీకి మందులు వాడి ఉంటే ఆ విషయం ముందే చెప్పాలి.

పాజిటివ్ వస్తే అదే నమూనాతో మరో చిప్ వేసి, రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో కూడా చూస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్షా, మందులూ ఉచితమే.