తీగె కంపితం, యంత్ర కంపితం

కావలి స్టేషనులో ఆగకుండా సాగిపోయే రైలుబండి కూతను విద్యార్థులందరూ వినే ఉంటారు. బండి సమీపిస్తున్నప్పుడు కూత శ్రుతి హెచ్చుగానూ, దాటిపోయిన పిమ్మట తగ్గుగానూ వినవస్తుంది. ధ్వని మన చెవికి చేరే వ్యవధి మారుతూ ఉండడమే ఇందుకు హేతువు. ఎలక్ట్రిక్ గిటారు వాద్యకారుని పాదాల చెంత ఉండే వైబ్రాటో పెట్టె చేసే పనీ ఇదే. అయితే అక్కడ బండీ లేదు, పట్టాలూ లేవు.

హాలండులోని ఫిలిప్స్ పరిశోధనాలయంలో శాంగ్‌స్టర్, టీర్ అనేవారు 1969లో రూపొందించిన అనలాగ్ సాధనం దీనికి ఆధారం. ఇల్లంటుకున్నప్పుడు జనం బావి నుంచి వరుసగా నిలిచి బిందెలు చేతులు మార్చుకుంటారు కదా! అలాగే వందలాది కెపాసిటర్లు గిటారు నుంచి వచ్చిన విద్యుత్తును ఒకదాని నుంచి మరొకదానికి అందిస్తాయి. చేతులు మారే వేగం పెరుగుతున్నంతసేపు ఆలస్యం తగ్గుతూ శ్రుతి పైకి జరుగుతుంది, మందగిస్తుంటే కిందికి. ఆలస్యమంతా సెకనులో కొన్ని వేయవ వంతులే. ఇలా ఊగే స్వరాన్ని మాత్రమే వినిపిస్తే వైబ్రాటో. అసలు స్వరంతో కలిపితే కోరస్: ఖవ్వాలీలో వంతపాటగాళ్ల గొంతులు వెంట్రుకవాసి తేడాతో కలిసినట్లు, ఒక్క గిటారే పలు గిటార్లుగా భాసిస్తుంది. జపానుకు చెందిన బాస్ సంస్థ 1976లో వెలువరించిన సి.ఇ.-1 పెట్టెలో ఈ రెండూ ఉన్నాయి.

మరి ఇది గమకమేనా? కాదనే నా అభిప్రాయం. ఆ 1969లోనే పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌పై గమకాలను తన వేళ్లతోనే పలికించారు. ఏ స్వరాన్ని ఊపాలో, దేనిని నిలకడగా ఉంచాలో రాగమెరిగిన వేలికి తెలుసు. పెట్టె మాత్రం అచల స్వరాలైన షడ్జమ పంచమాలను సైతం ఒకే తీరున ఊపివేస్తుంది.