తివాచీలోని లోకము

ఇంగ్లండులోని బకింగ్‌హామ్‌షైర్ మండలమున వెలువడు ‘బక్స్ ఫ్రీ ప్రెస్’ అను స్థానిక పత్రికలో, 1965వ సంవత్సరమున, బాలల శీర్షిక క్రింద, తివాచీ నూలుపోగుల నడుమ కాపురముండు సూక్ష్మమానవుల కథలు కొన్ని ప్రకటితములయ్యెను. ‘అంకుల్ జిమ్’ అను మాఱుపేరు మాటున నిలిచి వానిని వ్రాసినవాడు, బడిచదువును నడుమనే విడిచి ఆ కార్యాలయమున విలేఖరిగ నప్పుడే కుదురుకొన్న పదునేడేండ్ల కుఱ్ఱవాడు, టెరీ ప్రాచెట్. ఆ కథలే పెరిగి పెద్దవై నవలారూపము దాల్చి, 1971 నవంబరులో, కోలిన్ స్మైద్ అను చిన్న ప్రచురణకర్త పూనికతో ‘ది కార్పెట్ పీపుల్’ అను పేర అచ్చయ్యెను. లండను నగరమున ‘హీల్స్’ అను ప్రసిద్ధమైన గృహోపకరణముల దుకాణములో, తివాచీలమ్ము విభాగముననే, గ్రంథావిష్కరణోత్సవము జరిపిరి. బొమ్మలను రచయితయే గీచెను. కొన్ని ప్రతులలోని బొమ్మలకు తన చేతితో తానే రంగులద్దెను. ఇంత ముచ్చటగ లోకమునకు వచ్చిన పుస్తకమును లోకము మాత్రము కొద్దికాలముననే మఱచిపోయినది.

పండ్రెండేండ్ల పిమ్మట, 1983లో, అదే ప్రచురణకర్త వెలువరించిన ‘ది కలర్ ఆఫ్ మ్యాజిక్’ అను నవలతో ప్రాచెట్ దశ తిరిగినది. మహాకూర్మము వీపుపై నాలుగు గజములు, ఆ గజముల మూపులపై పళ్ళెమువంటి భూమండలము — మన ఆదికూర్మమును దిగ్గజములను తలపించు ఆ ‘డిస్క్‌వరల్డ్’ లోకమున ఆయన నలుబదియొక్క నవలలు రచించెను, ‘సర్’ బిరుదమందెను, 2015 మార్చిలో పరమపదించునాటికి ఆయన పుస్తకములు ఎనిమిదిన్నర కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయియుండెను. అంతటివాని తొలి రచన యెట్టిదియో యను కుతూహలముతో వెనుకకు మఱలి ఈ నవలను చేతబట్టు పాఠకులు నేటికిని కలరు. వారి అభిప్రాయములు ఒకదానితో నొకటి పొసగవు. ఆ పొసగకపోవుటలోనే ఈ గ్రంథమును గూర్చి చెప్పదగిన ముఖ్యవిషయ మున్నదని నేను తలచుచున్నాను.

ముందుగ కథ. ఇందలి లోకమంతయు ఒక తివాచీ. దాని పోగులు ఆ జనులకు మిన్నుముట్టు మహావృక్షములు. వాని మొదళ్ళ చెంత పడియున్న ధూళికణములు బండరాళ్ళు. పోగులు పాదుకొన్న అడుగుపొర గుహలతోను అంధకారముతోను నిండిన పాతాళము. మనుష్యుల చేతినుండి యెప్పుడో జారిపడిన పెన్నీ నాణెము వారికి లోహపు గని. అగ్గిపుల్ల కలప దొరకు కొండ. వార్నిషు తవ్వి తెచ్చుకొనుటకు పోవలసిన దూరదేశము ఒక కుర్చీకాలు. రచయిత వీనినెల్ల గొంతెత్తి వివరింపడు. ఆ జనుల కన్నులకు కనబడినంతమేర చెప్పి యూరకుండును. తక్కినది పోల్చుకొని ఆనందించుట పాఠకుని వంతు.

ఆ లోకమును ‘డ్యూమై’ అను సామ్రాజ్యము పాలించుచుండును. బాటలు వేయుట, శాసనములు వ్రాయుట, నాణెములు ముద్రించుట, ప్రజలను లెక్కించుట అను వానియందు మిక్కిలి శ్రద్ధగల, ఆర్భాటమెఱుగని జాతి యది. పదేండ్ల కొకమాఱు జనాభాలెక్కకు హాజరగు చిన్న తెగలలో ‘మన్‌రంగు’ల తెగ యొకటి, దాని నాయకుడు గ్లర్క్, అతని తమ్ముడు స్నిబ్రిల్, వారికి బుద్ధిచెప్పు వృద్ధ తత్త్వవేత్త పిస్మైర్. ఒకనాడు వారి పల్లెపై ‘ఫ్రే’ విఱుచుకుపడును. పోగులు కంపించును, మృగములు ముందుగనే పసిగట్టి పరుగిడును, క్షణకాలమున ఇండ్లు నేలమట్టమగును. దాని వెన్నంటియే, ‘స్నార్గు’లను క్రూరమృగముల నెక్కి, ‘మౌలు’లను శత్రుజాతి దండెత్తి వచ్చును. నిరాశ్రయులైన ఆ తెగవారి ప్రయాణము, సామ్రాజ్యపు కొలువులోనికే శత్రువులు చాపక్రింద నీరువలె పాకియుండుట, తుదకు ‘వేర్’ నగరమున జరుగు సంగ్రామము — స్థూలముగ కథ యింతే.

ఈ ‘ఫ్రే’ యనునది యేమి? నవలలో సమాధానము లేదు. మనుష్యుని అడుగుల తాకిడియే యని కొందఱు పాఠకులు వాదింతురు; చీపురుకట్ట యని కొందఱు, దుమ్ముపీల్చు యంత్రమని మఱికొందఱు. అసలు దానిని పోల్చుకొనరాదు, ఆ జనులకు మన భూకంపములవలె అది అర్థరహితముగ నుండుటయే అందము, అనువారును కలరు. నేను ఈ కడపటివారి పక్షము. పై లోకమును ఒక్కమాఱైనను చూపియుండినచో కథ బొమ్మలాటగ దిగజారియుండెడిది.

డిస్క్‌వరల్డ్ నవలలను కంఠస్థము చేసిన అభిమానులు ఈ పుస్తకమును బీజాన్వేషణకై చదువుదురు. సైనికుని సామాన్యబుద్ధిపై గౌరవము, రాజులపై అపనమ్మకము, ‘మేమే నిజమైన మనుష్యులము’ అని ప్రతి తెగయు తన్ను గూర్చి చెప్పుకొను గర్వముపై చురక — వచ్చు నలుబది నవలలలోని గుణము లిచ్చట మొలకెత్తుచున్నవని వారు మురిసిపోవుదురు. పెదవి విఱుచు పాఠకులును తక్కువ కారు: పాత్రలు పలుచన, స్త్రీపాత్రలు అరుదు, ప్రయాణము పిమ్మట పోరాటము అను పోకడ టోల్కియన్ నడచిన బాటయే, ప్రౌఢరచనలలోని హాస్యపు లోతు ఇందు లేదు, అని వారి ఆక్షేపణ. అందు సత్యము లేకపోలేదు. పిల్లలకు రాత్రులందు చదివి వినిపించు తల్లిదండ్రుల అనుభవము వేఱు. డిస్క్‌వరల్డ్ పేరైన నెఱుగని బాలునకు ఇది దేనికిని ఉపోద్ఘాతము కాదు. అది వానికి పూర్తి కథ, పూర్తి లోకము. మఱునాటి ఉదయమున గదిలోని తివాచీపై వాడు ఆచితూచి అడుగు వేసినచో, ఆ విమర్శకంటె మేలైన విమర్శ నే నెఱుగను.

ఆక్షేపించువారు సైతము తలయూపు ఘట్ట మొకటి యిందు కలదు. ‘వైట్’లను జాతివారికి గతమువలెనే భవిష్యత్తును జ్ఞప్తియందుండును, ఏది జరుగనున్నదో ముందే తెలియుటచే వారికి ఆశయు లేదు, ఆశ్చర్యమును లేదు. వారిలోనే కులైనా యను నామె యున్నది. ఆమెకు కనబడునది ఒక్క భవిష్యత్తు గాదు. జరుగుటకు వీలున్న భవిష్యత్తులన్నియు, కొమ్మలు చీలిన మానువలె, ఒక్కసారిగ కనబడును. యుద్ధ మోడిపోవు దారులు వేలకొలది. గెలుచు దారి బహుసూక్ష్మము. ఆ సన్నని దారిని ఆమె తెలిసి యెంచుకొనును. విధి, పురుషకారము అను ప్రశ్న మన పురాణశ్రోతలకు క్రొత్తది కాదు. దానిని పిల్లల కథలో, ఉపన్యాసపు ధోరణి లేక, ఇంత తేటగ నిలిపిన రచనలు అరుదు.

అయితే ఈ ప్రౌఢి పదునేడేండ్ల బాలునిదా? ఇచ్చటనే తర్కము చిక్కుపడినది. డిస్క్‌వరల్డ్ కీర్తి వ్యాపించిన పిమ్మట పాఠకులు తొలినవలకై అడుగసాగిరి. పునర్ముద్రణకు పూనుకొని ప్రాచెట్ పాత పుస్తకమును తిరిగి చూచుకొనెను; దానిని ఉన్నదున్నట్లు అచ్చొత్తించుటకు మనసొప్పక తిరుగవ్రాసి 1992లో ప్రకటించెను. ఈ గ్రంథమునకు కర్త లిద్దఱనియు, ఒకడు పదునేడేండ్లవాడు, వేఱొకడు నలుబదిమూడేండ్లవాడనియు, ఇరువురును తానే యనియు పీఠికలో చెప్పుకొనెను. అద్భుతకథ యనగ రాజులును యుద్ధములునే యని చిన్ననాట నమ్మితిననియు, యుద్ధములు లేకుండ, రాజులు లేకుండ మనుగడ సాగించుట యెట్లన్నదే దాని అసలు చింత కావలెనని ఇప్పుడు తోచుచున్నదనియు అందే వివరించెను. నేడు పాఠకులలో అత్యధికులు చదువునది ఈ రెండవ పాఠమే. కావున ‘తొలినవలలోనే ఇంత పరిణతియా’ అని మెచ్చుకొనువారి మెప్పును, ‘తొలినవల గనుక ఇంతే’ అని క్షమించువారి క్షమయు గుఱితప్పినవే. ఏ వాక్య మే వయస్సునాటిదో తెలియక రెండు పక్షములును తీర్పు చెప్పుచున్నవి.

తెలుగువారికి ఈ చిక్కు పరిచితమే. గురజాడ అప్పారావు 1897లో అచ్చువేసిన ‘కన్యాశుల్కము’ వేఱు, 1909లో సమూలముగ తిరుగవ్రాసిన ‘కన్యాశుల్కము’ వేఱు. రెండవదియే మన కంటికి కన్యాశుల్కమైనది, అది న్యాయమే. కాని పరిశోధకుడు బంగోరె శ్రమించి మొదటి కూర్పును మరల వెలుగులోనికి తెచ్చిన పిమ్మటనే, అప్పారావు ఏమి తీసివేసెను, ఏమి చేర్చెను, గిరీశము ఎట్లు పెరిగెను అన్నది సామాన్య పాఠకుడు తన కన్నులతో సరిచూచుకొనగలిగెను. రచయిత దిద్దుకొనుటకు అధికారి, అందు సందేహములేదు. మొదటి పాఠమును చూచుటకు పాఠకుడును అధికారియే యని నా దృఢవిశ్వాసము.

ప్రాచెట్ విషయమున ఆ అవకాశము సగమే సమకూడినది. పత్రికలో వచ్చిన ఆనాటి తివాచీ కథలను 2014లో ‘డ్రాగన్స్ ఎట్ క్రంబ్లింగ్ క్యాసిల్’ అను సంపుటమున చేర్చి ప్రకటించిరి. 1992 నాటి నవల అంగళ్ళలో దొరకును. ఈ రెంటి నడుమనున్న 1971 నాటి పాఠము మాత్రము అపురూప గ్రంథముల వర్తకులయొద్ద గొప్ప వెలకు తప్ప చిక్కదు. కొన్నవారు సయితము ప్రతి నలుగునేమో యను వెఱపుతో దానిని తెఱచి చదువరు. రచయిత స్వయముగ గీచిన బొమ్మలతో, రెండు పాఠములును ఎదురెదురు పుటలలో ముద్రించిన కూర్పొకటి రావలెను. అప్పుడు ఆ కుఱ్ఱవాడు తన బలముతో తానెంతదూరము నడిచెనో, పెద్దవాడు ఎక్కడ వచ్చి చేయి పట్టుకొనెనో, పిల్లలు సహితము వేలుపెట్టి చూపగలరు.